రంధ్రం అంచున ఉన్నప్పుడే

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





నాకు ఇచ్చిన అంశం "విద్య ఆవశ్యకత". ఈ అంశం మీద ఈ హాల్లోనే మీరు ఎన్నో ప్రసంగాలు విన్నారు. అందులో మూడో నాలుగో నావే. చదువు కావాలా వద్దా అని మనలో అడిగేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. అందుకని సదర్ సాబ్ అనుమతితో ఇవాళ ఒక బిళ్ల గురించి మాట్లాడతాను. చివర్లో డబ్బు సంగతి కూడా వస్తుంది. అది రాకుండా మన సభ ఏదీ ముగియదు కదా.

ఈ బిళ్లను ముందు వరుస నుంచి చేతులు మార్చుకుంటూ చూడండి. రూపాయి నాణెమంత ఉంటుంది. పాల రంగు. పగిలిన పింగాణీ కప్పు ముక్కలా ఉంది. ఇప్పుడు ఫోన్ టార్చి వెలిగించి దాని వెనక పెట్టండి. వెలుగు ఇటువైపు వస్తుంది కానీ టార్చి ఆకారం కనబడదు. చలికాలం పొద్దున అనంతగిరి గుట్ట మీద పొగమంచులో ఎదురొచ్చే లారీ లైటులాగా ఉంటుంది.

దీన్ని చేసింది మన తాండూరు అమ్మాయి. నా దగ్గర పదో తరగతి చదివింది. వాళ్ల నాన్న బండల పాలిష్ మెషిన్ మీద పని చేస్తాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎం.ఎస్‌సీ. ఫిజిక్స్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం ఈ బిళ్ల చేసింది. "సార్, ఇది ఫెయిలైంది. గాజులాగా రావాలి, పాలలాగా వచ్చింది" అని సెలవుల్లో వచ్చి నాకు చూపించింది. మీకు చూపిస్తానని అడిగి తీసుకున్నాను.

పాలలాగా ఎందుకు వచ్చింది?

కలకండ ముక్క తీసుకోండి, వెలుగు అందులోంచి దాదాపు దాటిపోతుంది. దాన్నే రోట్లో వేసి దంచితే తెల్లటి పొడి అవుతుంది. గాజు పెంకును నూరినా అంతే. పదార్థం మారలేదు. మరి తెలుపు ఎక్కడి నుంచి వచ్చింది? రేణువుకూ రేణువుకూ మధ్య గాలి చేరింది. వెలుగు కలకండలోంచి గాలిలోకి, గాలిలోంచి మళ్లీ కలకండలోకి పోయే ప్రతిచోటా కొంత వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. వేలసార్లు అలా జరిగితే దారి తప్పి నలుదిక్కులా చెదిరిపోతుంది. చెదిరిన వెలుగునే మనం తెలుపు అంటున్నాం.

ఇంకో ఉదాహరణ మీకు బాగా తెలిసిందే. ఇఫ్తార్‌కు సమోసాలు కట్టించుకొస్తాం. కాగితం మీద నూనె అంటినచోట అవతల ఉన్నది మసకగా కనిపిస్తుంది. కాగితం పలచబడిందా? లేదు. కాగితపు పోగుల మధ్య ఉన్న గాలి జాగాల్లోకి నూనె చేరింది. గాలి పోయింది కాబట్టి వెలుగుకు దారి దొరికింది. ఈ ప్రయోగం నేను తొమ్మిదో తరగతిలో ఏటా చేయిస్తాను. దానికి ల్యాబ్ అవసరం లేదు.

అంటే కాల్చిన మట్టికీ, పింగాణీకీ, ఈ బిళ్లకూ వెలుగును ఆపే గుణం పుట్టుకతో వచ్చింది కాదు. లోపల మిగిలిపోయిన సూక్ష్మమైన గాలి రంధ్రాలే ముఖ్యంగా ఆపుతున్నాయి. ఎండాకాలం మన ఇళ్లలో రంజన్ నీళ్లు చల్లగా ఉండేది ఆ రంధ్రాల వల్లనే. నీరు వాటిలోంచి చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతుంది. రంజన్‌కు రంధ్రం కావాలి. వెలుగు దాటాల్సిన బిళ్లకు మాత్రం రంధ్రం శత్రువు. వెయ్యి వంతుల్లో ఒక్క వంతు రంధ్రాలున్నా చాలు, బిళ్ల మసకబారుతుంది.

కరగకుండా అతుక్కోవడం

రంధ్రాలు పోగొట్టే పనిని సింటరింగ్ అంటారు. పొడిని అచ్చులో నొక్కి, కరిగే వేడికి తక్కువగా కాలిస్తే, రేణువులు ఒకదానికొకటి అతుక్కొని మధ్యలో ఉన్న జాగాలు మూసుకుపోతాయి. ఫ్రీజర్‌లో ఐసు ముక్కలు ఒక గిన్నెలో వేసి ఉంచితే మర్నాటికి కరగకుండానే ఒకదానికొకటి అంటుకుంటాయి చూడండి, అలాంటి పనే.

తాండూరు వాళ్లకు ఇది కొత్త కాదు. కరన్‌కోట్ సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో మన సున్నపురాయినే 1450 డిగ్రీల దగ్గర కాల్చి క్లింకర్ గడ్డలు చేస్తారు. అక్కడ జరిగేది కూడా ఒక రకం సింటరింగే. కొంత భాగం కరిగి మిగతా రేణువులను అంటిస్తుంది. కాకపోతే సిమెంటుకు వెలుగుతో పని లేదు.

వెలుగు దాటే సిరామిక్‌ను మొదట పనికొచ్చేలా చేసింది 1950ల చివర్లో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో, రాబర్ట్ కోబుల్ అనే శాస్త్రవేత్త. ఆయన తీసుకున్నది అల్యూమినా పొడి. ఎంత కాల్చినా అది తెల్లగానే ఉండేది. అందులో మెగ్నీషియా అనే పొడిని చిటికెడు కలిపాడు, వందలో పావు వంతు. అప్పుడు రంధ్రాలన్నీ పోయి వెలుగు దాటింది. పదేళ్ల కిందటిదాకా మన రోడ్ల మీద పసుపు రంగు సోడియం లైట్లు ఉండేవి గుర్తుందా? వాటిలో మండే సోడియం ఆవిరిని పట్టి ఉంచిన చిన్న గొట్టం ఈ సిరామిక్‌దే. అంత వేడి సోడియంను గాజు తట్టుకోలేదు.

ఆ చిటికెడు మెగ్నీషియా ఏం చేసింది? ఇవాళ నేను చెప్పాల్సిన మాట ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

పొడిని కాలుస్తున్నప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, రంధ్రాలు మూసుకుపోవడం. రెండు, పెద్ద రేణువులు చిన్న రేణువులను కలుపుకొని ఇంకా పెద్దవి కావడం. రంధ్రం రేణువుల మధ్య సరిహద్దు మీద ఉన్నంతసేపు దానికి మోక్షం ఉంది. ఆ సరిహద్దు వెంట అణువులు కదిలివచ్చి దాన్ని పూడుస్తాయి. కానీ రేణువు తొందరగా పెరిగి ఆ రంధ్రాన్ని మింగేసిందంటే, రంధ్రం రేణువు కడుపులో ఖైదు అయిపోతుంది. ఆ తర్వాత ఎన్ని గంటలు కాల్చినా, ఎంత మంట పెట్టినా దాదాపు లాభం లేదు. మెగ్నీషియా ఆ సరిహద్దుల పరుగును తగ్గించింది. రంధ్రాలకు బయటపడే వ్యవధి దొరికింది.

రంధ్రం అంచున ఉన్నప్పుడే దాన్ని అందుకోవాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ ఇక్కడికే వస్తాను.

గ్యాస్ లైటర్ నుంచి పైలట్ కళ్లద్దాల దాకా

అమ్మాయి చేసిన బిళ్ల ఉత్త పింగాణీ కాదు. దాన్ని ఫెర్రో ఎలక్ట్రిక్ సిరామిక్ అంటారు. పేరులో ఫెర్రో ఉన్నా ఇనుముతో సంబంధం లేదు. ఇనుము అయస్కాంతమైనట్టు ఇది విద్యుత్తు విషయంలో ప్రవర్తిస్తుందని ఆ పేరు. ఈ గుణాన్ని మొదట 1920 ప్రాంతంలో అమెరికాలో జోసెఫ్ వాలసెక్ అనే విద్యార్థి రోషెల్ ఉప్పులో కనిపెట్టాడు. అప్పుడాయన పీహెచ్‌డీ చేస్తున్నాడు.

మన వంటింట్లో టిక్కుమని నిప్పురవ్వ రాల్చే గ్యాస్ లైటర్ ఉంది కదా, దాని లోపల ఇలాంటి సిరామిక్ కడ్డీ ఉంటుంది. స్ప్రింగు సుత్తి దాన్ని కొట్టగానే వేల వోల్టుల విద్యుత్తు పుడుతుంది. ఆస్పత్రిలో కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ మెషిన్‌లో డాక్టరు చేత్తో పట్టుకునే పరికరంలోనూ ఇదే జాతి పదార్థం ఉంటుంది. దెబ్బ తగిలితే విద్యుత్తు ఇస్తుంది, విద్యుత్తు ఇస్తే వణుకుతుంది.

లోపల ఏం జరుగుతుందో పిల్లలకు ఇలా చెప్తాను. మసీదు సహన్‌లో నమాజుకు ముందు జనం తలో దిక్కు తిరిగి ఉంటారు. ఇఖామత్ వినగానే సఫ్‌లు కట్టి ఒకే దిక్కుకు నిలబడతారు. ఈ పదార్థంలో సూక్ష్మమైన విద్యుత్ జంటలు గుంపులు గుంపులుగా తలో దిక్కు చూస్తుంటాయి. బయటి నుంచి వోల్టేజి పెట్టగానే వరుస కడతాయి. వోల్టేజి తీసేశాక కూడా చాలావరకు ఆ వరుస చెడదు.

ఇలాంటి పదార్థం వెలుగును కూడా దాటనిస్తే? అప్పుడు వోల్టేజితో వెలుగును నడిపించవచ్చు, ఆపవచ్చు. 1970 ప్రాంతంలో అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో జీన్ హార్ట్‌లింగ్, సెసిల్ లాండ్ అనే ఇద్దరు దాన్ని సాధించారు. సీసం, జిర్కోనియం, టైటానియం ఉన్న సిరామిక్‌కు లాంథనం కలిపి పారదర్శకంగా చేశారు. దానితో అణుబాంబు మెరుపు నుంచి విమాన పైలట్ల కళ్లను కాపాడే అద్దాలు తయారయ్యాయి. మెరుపు వచ్చిన క్షణంలోనే అద్దం నల్లబడుతుంది. యుద్ధం కోసం పుట్టిన ఆలోచనే, కానీ దాని దారి అక్కడితో ఆగలేదు. వెలుగు సంకేతాలను మలిచే పరికరాల్లోకి వచ్చింది. ఇప్పుడు ఒకే కిటికీలోంచి కాంతినీ, స్కానింగ్ ధ్వనినీ శరీరంలోకి పంపి లోపలి రక్తనాళాలను చూడాలన్న ప్రయత్నాల్లోనూ పారదర్శక ఫెర్రో ఎలక్ట్రిక్‌లు కీలకం.

ఇంకో చిన్న సంగతి. ఎంత బాగా చేసినా ఈ సిరామిక్ పూర్తిగా గాజులా ఉండదు. దీని వక్రీభవన గుణకం సుమారు 2.5. అంత ఎక్కువ కాబట్టి రెండు వైపులా పైపొర మీదే కొంత వెలుగు వెనక్కి పోతుంది. లోపల ఒక్క రంధ్రం లేకపోయినా వందలో సుమారు 70 వంతులే అవతలికి చేరుతుంది. 70కి దగ్గరగా వస్తే పూర్తి మార్కులన్నట్టే.

మంట పెంచడం కాదు

హార్ట్‌లింగ్ పద్ధతిలో బిళ్లను ఒత్తిడి కింద 1200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చాలి. అక్కడ పెద్ద చిక్కు ఉంది. సీసపు ఆక్సైడ్ 888 డిగ్రీలకే కరుగుతుంది, ఆ పైన ఆవిరై పోతూ ఉంటుంది. సీసం పోతే లెక్కగా కలిపిన పాళ్లు తప్పుతాయి. పోయిన సీసం పనిచేసేవాళ్ల ఊపిరిలోకి చేరుతుంది. సీసం చిన్నపిల్లల మెదడుకు ఎంత చెరుపో మీకు చెప్పనక్కర్లేదు. పైగా గంటల తరబడి వేడిలో ఉంటే రేణువులు పెరుగుతాయి, రంధ్రాలను మింగుతాయి.

అందుకే ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతున్నది తక్కువ మంటలో, తక్కువ సమయంలో సింటరింగ్ చేసే దారి. అందులో బాగా స్థిరపడ్డది స్పార్క్ ప్లాస్మా సింటరింగ్. పొడిని గ్రాఫైట్ అచ్చులో పోసి, పైనా కిందా నొక్కుతూ, ఆ అచ్చులోంచే విద్యుత్తును పంపుతారు. నిమిషానికి 100 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. నొక్కే బలం 50 మెగాపాస్కల్ అంటారు. అంటే ఈ రూపాయంత బిళ్ల మీద దాదాపు రెండు టన్నుల బరువు పెట్టినట్టు. 1200 డిగ్రీల్లో గంటలు పట్టే పని 900, 1000 డిగ్రీల్లో కొన్ని నిమిషాల్లో అవుతుంది.

నెమ్మదిగా వేడి చేస్తే దారిలో తక్కువ వేడి దగ్గరే రేణువులు పెరగడం మొదలవుతుంది, కానీ రంధ్రాలు మూసుకోవు. వేగంగా పోతే ఆ దశను దాటేసి, రంధ్రాలు మూసుకునే వేడికి చిన్న రేణువులతోనే చేరుకుంటాం. అప్పుడు ఒత్తిడి ఆ రంధ్రాలను అంచున ఉండగానే నొక్కేస్తుంది.

ఇది ఇప్పటి తెలివి మాత్రమే అనుకోకండి. ఇరాన్‌లోని కాషాన్ పట్టణంలో తరతరాలుగా పింగాణీ పలకలు చేసిన ఇంటివాడు అబుల్ ఖాసిం 1301లో ఆ పని మీద ఒక గ్రంథం రాశాడు. అందులో పాళ్లు చెప్పాడు: పది వంతులు పలుగురాతి పొడి, ఒక వంతు నూరిన గాజు, ఒక వంతు తెల్లమట్టి. చీనా పింగాణీకి కావాల్సినంత మంట వాళ్ల బట్టీలకు దక్కేది కాదు. అందుకని కలిపిన గాజు తక్కువ మంటలోనే మెత్తబడి మిగతా పొడిని అంటించేది. పెద్ద మంట లేకపోతేనేం, తెలివి ఉంది. హైదరాబాద్‌లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లినప్పుడు గోడల మీది రంగుల పలకలను ఒకసారి నిలబడి చూడండి. కాషాన్ లాంటి పట్టణాల్లో పెరిగిన ఆ విద్యే మన దక్కన్ దాకా వచ్చింది.

ఈమధ్య సంగతులు కూడా రెండు చెప్తాను. 2010లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో రిషి రాజ్ బృందం, విద్యుత్ క్షేత్రం పెట్టి జిర్కోనియా పొడిని 850 డిగ్రీల్లో అయిదు సెకన్లలోపే గట్టిపరచవచ్చని చూపింది. 2016లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ రాండల్ బృందం కొంచెం నీటి తడి, గట్టి ఒత్తిడి ఉంటే 300 డిగ్రీలలోపే కొన్ని సిరామిక్‌లను చేయవచ్చని చూపింది. బట్టీ లేకుండా రొట్టెల పెనమంత వేడిలో సిరామిక్! మనకు దగ్గర్లో హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉంది. పారదర్శక సిరామిక్‌ల మీద అక్కడ ఏళ్లుగా పని జరుగుతోంది, స్పార్క్ ప్లాస్మా యంత్రమూ ఉంది. వికారాబాద్‌లో రైలెక్కితే మధ్యాహ్నంలోపు చేరే దూరం.

అమ్మాయి తీసుకున్నది సీసం లేని పదార్థం: పొటాషియం, సోడియం, నయోబియం కలిసినది. 2004లో జపాన్‌లో టొయోటా కంపెనీ పరిశోధకులు ఇది సీసానికి ప్రత్యామ్నాయం కాగలదని చూపినప్పటి నుంచి దీని మీద అందరి కళ్లూ ఉన్నాయి. ఆమె దగ్గర ఉన్నది మామూలు కొలిమి. దాంట్లో 1100 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చింది. రేణువులు పెరిగాయి, రంధ్రాలను మింగాయి. అందుకే పాల రంగు.

వేగానికి దోషం లేదా అంటే, ఉంది. గ్రాఫైట్ అచ్చులో చేసిన బిళ్ల చాలాసార్లు నల్లగా బయటికొస్తుంది. బొగ్గు అంటుకుంటుంది, కొంత ఆక్సిజన్ పోతుంది. దాన్ని మళ్లీ గాలి తగిలేలా తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచితే గానీ రంగు తేలదు. తొందరగా చేసిన పనికి తర్వాత ఓపికైన సంరక్షణ కావాలి.

ఇక మన సంగతి

ఈ అమ్మాయి ఫొటో మన సావనీర్‌లో వేద్దాం, సొసైటీ సాయంతో చదువుతోందని రాద్దాం అని కమిటీలో ఒక మాట వచ్చింది. నేను వద్దన్నాను. ఎందుకో మీ ముందు చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే తప్పులో నా వాటా ఉంది. అప్పుడూ నేను స్కాలర్‌షిప్ కమిటీలో ఉన్నాను.

మొదటిసారి ఆమెకు పీజీ సీటు వచ్చింది ఆగస్టు చివర. ఫీజు, హాస్టల్ డిపాజిట్ కట్టడానికి నాలుగు రోజుల గడువు. తండ్రిని వెంటబెట్టుకొని మన ఆఫీసుకు వచ్చింది. ఖాతాలో డబ్బు లేదు. రంజాన్‌లో వచ్చింది రేషన్ కిట్లకు, బేవాల పింఛన్లకు, ఈద్ బట్టలకు పోయింది. మిగిలింది జూన్‌లో నోటుపుస్తకాలకు పోయింది. అవన్నీ న్యాయమైన ఖర్చులే, ఒక్క రూపాయి దారి తప్పలేదు. "ఆగు బేటా, చూస్తాం" అన్నాను. ఫోన్లు చేశాం. మీలో చాలామంది వెంటనే ఇచ్చారు, అల్లా మీకు బర్కత్ ఇవ్వాలి. మొత్తం కూడేసరికి పన్నెండు రోజులైంది. అప్పటికి సీటు ఇంకొకరిదైంది.

ఆ ఏడాది ఆమె తాండూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పింది. ఇంటికి రెండు సంబంధాలు వచ్చాయి. ఆమె తల్లి నిలబడింది కాబట్టి సరిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. ఈసారి మన దగ్గరికి రాలేదు. తల్లి చెవుల కమ్మలు కుదువ పెట్టి ఫీజు కట్టారు. నాకు ఈ సంగతి నెల తర్వాత తెలిసింది. మీ చేతుల్లో తిరుగుతున్న ఆ బిళ్లలో మన సొసైటీ డబ్బు లేదు. అందుకే ఫొటో వద్దన్నాను.

అందరు పిల్లలకూ అలాంటి తల్లి ఉండదు. సీటు పోయిన ఏడాదిలో పెళ్లయిపోయిన ఆడపిల్లలు, బండల ఫ్యాక్టరీలో రోజుకూలికి కుదిరిన మగపిల్లలు నా రిజిస్టర్లలో ఉన్నారు. అప్పుడు వెళ్లి స్కాలర్‌షిప్ ఇస్తామంటే వాళ్లు మర్యాదగా నవ్వుతారు. రంధ్రం రేణువు కడుపులోకి పోయింది. ఇక మంట పెంచి లాభం లేదు.

మరి మన లోపం ఎక్కడ? మన దగ్గర డబ్బు తక్కువా? నేను పాత లెక్కల పుస్తకాలు తీసి చూశాను. 2015, 2016లో ఈ ఇబ్బంది మనకు రాలేదు. కారణం మన తెలివి కాదు, క్యాలెండర్. ఆ ఏళ్లలో రంజాన్ జూన్, జూలై నెలల్లో వచ్చింది. ఈద్ కాగానే అడ్మిషన్లు. చేతికొచ్చిన డబ్బు నేరుగా ఫీజులకు వెళ్లింది. చాంద్రమాన సంవత్సరం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025 నాటికి రంజాన్ మార్చికి వచ్చింది, ఇంకా వెనక్కి పోతుంది. అడ్మిషన్లు మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడే ఉన్నాయి. మనం పాత అలవాటు ప్రకారం ఈద్‌కే ఖాతా ఖాళీ చేస్తున్నాం. ఈ రెండూ తమంతట తాము మళ్లీ కలవాలంటే ఇంకో ఇరవై ఏళ్లు ఆగాలి.

అందుకని నేను కోరేది ఎక్కువ డబ్బు కాదు. సరైన సమయానికి చేతిలో ఉండే కొంత డబ్బు.

ఒకటి. సదఖా, లిల్లాహ్ పద్దుల కింద వచ్చే మొత్తంలో నాలుగో వంతును అడ్మిషన్ నిధిగా విడిగా పెట్టి, సెప్టెంబరు 30 దాకా వేరే దేనికీ ముట్టకూడదు. జకాత్ సంగతి వేరు. దాన్ని హక్కుదారుడి చేతికి అతని సొత్తుగా అందించాలి, ఆపిపెట్టడం మీద ఉలమాలు ఏమంటే అదే మనకు మాట. అందుకే జకాత్‌ను ఇందులో కలపలేదు.

రెండు. ఆ నిధి నుంచి ఫీజు ఇవ్వడానికి ముగ్గురికి అధికారం ఉండాలి. కాగితాలు చూసి 48 గంటల్లో అవుననో కాదనో చెప్పాలి. కాదన్నా ఫరవాలేదు, పిల్లలు ఇంకో తలుపు తడతారు. "చూస్తాం" అన్న మాటే వాళ్లను ముంచుతుంది. ఆ మాట అన్నవాణ్ని నేనే.

మూడు. ఇందులో కొంత ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటు నెలలు పట్టి వస్తుంది, వచ్చాక తిరిగి ఇస్తారు. అదే డబ్బు మరో పిల్లవాడికి పనికొస్తుంది. తీసుకున్న ఇంటికి కూడా తలవంపు ఉండదు.

నాలుగు. మన దరఖాస్తు ఫారంలో డాక్టరు, ఇంజనీరు చదువులనే పైన రాశాం. బి.ఎస్‌సీ., ఎం.ఎస్‌సీ. చదివేవాళ్లను "ఇతరులు" అన్నాం. ఆ గీత చెరిపేద్దాం. ఈ దారిలో ముందుకెళ్తే ఆసరా ఉంది. ఇంటర్‌లో బోర్డు టాపర్లలో నిలిచి డిగ్రీలో సైన్సు తీసుకునేవాళ్లకు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. పీజీ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. మన పిల్లలకు ఉండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022–23 నుంచి ఆగిపోయింది కాబట్టి ఈ పరీక్షల అవసరం ఇంకా పెరిగింది. అంటే మన పిల్లలు సొంత కాళ్ల మీద నిలబడే గట్టు కనిపిస్తూనే ఉంది. అక్కడికి చేరేదాకా మధ్యలో ఉన్న రెండు మూడు అంచుల దగ్గరే పడిపోతున్నారు.

అయిదు. డబ్బు ఇచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటి ఏడాది నెలకోసారి ఫోన్ చేసి మాట్లాడే పెద్దమనిషి ఒకరు ఉండాలి. వేగంగా చేసిన బిళ్లను మళ్లీ గాలిలో ఉంచాలన్నాను కదా. రిటైరైన టీచర్లం, ఉద్యోగులం ఈ సభలోనే ఇరవైమందికి తక్కువ లేము. నేను ముగ్గురి పేర్లు రాసుకున్నాను.

ఈ నిధి లెక్క, ఎవరికి ఎన్ని గంటల్లో జవాబిచ్చాం అన్న లెక్కతో సహా, పేర్లు లేకుండా వచ్చే ఏటి సావనీర్ చివరి పేజీలో అచ్చు వేద్దాం. ఆలస్యం చేస్తే ఆలస్యమని అక్కడే కనబడాలి.

అమ్మాయి చదువు వచ్చే వేసవికి పూర్తవుతుంది. తర్వాత జేఆర్ఎఫ్ రాస్తుంది. స్పార్క్ ప్లాస్మా యంత్రం ఉన్నచోట అదే పొడితో మళ్లీ బిళ్ల చేస్తానంటోంది. "ఎంత వస్తుంది బేటా?" అని అడిగాను. "70 దాటదు సార్, కానీ అక్షరాలు చదవగలిగితే చాలు" అంది. ఆ బిళ్ల వచ్చినప్పుడు ఈ సావనీర్ పేజీ మీద పెట్టి చదువుతానని మాటిచ్చింది. అప్పటికి ఆమె తల్లి కమ్మలు విడిపించుకొని ఉండాలని, అలాంటి ఇంకో తల్లి కమ్మలు కుదువకు పోకుండా మనం ఉండాలని అల్లాను వేడుకుంటున్నాను.

బిళ్ల వెనక వరుస దాకా వెళ్లినట్టుంది. దయచేసి జాగ్రత్తగా వేదిక మీదికి పంపించండి. నేను దాన్ని తిరిగి ఇవ్వాలి.